గంజి పోసిన చెయ్యి

పర్శరాములు కడుపునొప్పి సంగతి వరంగల్ కొత్తవాడలో అందరికీ తెలుసు. జంఖానా తివాచీలు నేసే మగ్గం మీద కూర్చున్న మనిషి ఉన్నట్టుండి మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని ముందుకు ఒరిగిపోయేవాడు. కాసేపటికి లేచి, ఇంత తినే సోడా నోట్లో వేసుకొని, బీడీ ముట్టించి మళ్లీ పనిలో పడేవాడు. వేళకు తినే అలవాటు లేదు. పొద్దున చాయ్, పదింటికి చాయ్, ఆకలి చచ్చాక ఎప్పుడో ఇంత అన్నం. "దవాఖానకు పోదాం" అని భార్య అనసూర్య రెండేళ్లుగా అంటోంది. "ఈ జంఖానా దింపినంక పోదాం" అని అతనూ రెండేళ్లుగా అంటున్నాడు.

1974 శ్రావణంలో ఒక పొద్దున ఆ కడుపులో పుండు పగిలింది. మగ్గం మీంచి కిందికి జారిన మనిషి మళ్లీ లేవలేదు. కడుపు చెక్కలా బిగిసిపోయింది. ఆ రోజంతా వాము నీళ్లనీ, ఉప్పు కాపడమనీ ఇంట్లోనే గడిచిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ రిక్షాలో వేసుకొని సేటు దవాఖానకు తీసుకుపోలేదు. పత్తి వ్యాపారం చేసిన ఒక సేటు తన తండ్రి పేరు మీద హన్మకొండ దారిలో కట్టించిన ధర్మ దవాఖాన అది. అసలు పేరు పెద్దదే గానీ, జనం నోట్లో సేటు దవాఖానే.

అక్కడ కోతల డాక్టరు వెంకట్రాజం. నలభై అయిదేళ్లుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి, కోపం వస్తే మాత్రం వార్డు గోడలు అదిరేవి. మూడు గంటల సేపు ఆపరేషన్ చేసి బయటికి వచ్చి, గోడకు ఆనుకొని కూర్చున్న అనసూర్యను లేపి చెప్పాడు.

"పుండు ఉన్న ముక్క కోసి తీసేసిన. మిగిలిన పొట్టను పేగుకు కలిపి కుట్టిన. ఆ కుట్టు అతకాలె. పేగు ఇప్పుడు నిద్రల ఉన్నట్టు లెక్క. అది లేసి సప్పుడు జెయ్యాలె, కింది నుంచి గాలి పోవాలె. అప్పటిదాక నోట్లె చుక్క నీళ్లు గూడ పొయ్యొద్దు. సమజైందా?"

"అయింది సార్" అంది అనసూర్య. అప్పుడామెకు ఇరవై నాలుగేళ్లు. ఇంటి దగ్గర ఇద్దరు చిన్న పిల్లలు, వాళ్లను పట్టుకొని అత్త.

మగవాళ్ల వార్డులో ఎనిమిది మంచాలు. మూలమంచం పర్శరాములుది. ముక్కులోంచి ఒక గొట్టం, పొట్ట పక్కనుంచి మంచం కింది సీసాలోకి ఇంకో గొట్టం, చేతికి గ్లూకోజు సీసా. రోజులో సగం వార్డును నడిపేది ఆయమ్మ యాకమ్మ. ఖిలా వరంగల్ మనిషి. భర్త పోయాక ఆ దవాఖానలో చేరి పదకొండేళ్లయింది, ఇంకా పర్మినెంటు కాలేదు. గొంతు పెద్దది. రోగులను చంటిపిల్లలను కసిరినట్టు కసిరేది. కసురుతూనే మంచినీళ్లలో దూది ముంచి, గట్టిగా పిండి, పర్శరాములు పెదవులు తుడిచేది.

"మింగకు. పెదవులకే. మింగితే నా నౌకరి పోతది" అనేది నవ్వుతూ.

మొదటి రోజు సాయంత్రం అనసూర్యను వార్డు వెనక మెట్ల మీదికి పిలిచి తన జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చింది. మీద ఇంత పచ్చిమిరప తొక్కు. "నిన్నటి సంది సూస్తాన, ఏం తింటలెవ్వు. నువ్వు పస్తుంటె ఆయనకు తగ్గుతదా? తిను బిడ్డా." ఆ రొట్టె తింటూ అనసూర్య ఏడ్చింది. యాకమ్మ ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. అయ్యేదాకా పక్కన కూర్చుంది.

మూడో రోజు పొద్దున డాక్టరు ముక్కు గొట్టం తీయించాడు. పొట్ట మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. "సప్పుడు ఇంక సరిగ లేదు. రేపు సూద్దాం" అని పక్క మంచానికి పోయాడు.

ఆ 'రేపు' పర్శరాములును విరిచేసింది. అప్పటిదాకా తిట్టాడు, మూలిగాడు, ఆయమ్మను బతిమాలాడు. ఇక ఏమీ అనడం మానేసి భార్య ముఖం వైపే చూస్తూ పడుకున్నాడు. నాలుక తెల్లగా పూత పట్టింది. పెదవుల మూలలు చీలి నెత్తురు ఎండింది. మధ్యాహ్నం అనసూర్య కోసం అత్త పంపిన టిఫిన్ వచ్చింది. అనసూర్య మంచం అవతలికి తిరిగి మూత తీసింది. వేడి గంజి వాసన అతనికి తగిలింది.

"నేను సస్తే నా నోట్లె ఏదో ఒకటి పోస్తవు గద" అన్నాడు మెల్లగా. "గదేదో ఇప్పుడే పొయ్యి, అనసూర్యా."

ఆమె చుట్టూ చూసింది. సిస్టరమ్మ భోజనానికి పోయింది. యాకమ్మ మాసిన దుప్పట్లు ఎత్తుకొని ధోబీ దగ్గరికి పోయింది. రోగులందరూ కునుకు తీస్తున్నారు. ఆమె టిఫిన్ మూతలోకి గంజి వంచి, అతని తల కింద చెయ్యి పెట్టి లేపి, పెదవులకు ఆనించింది. ఒక గుటక. రెండు. మూడు. అడుగున మెత్తగా ఉడికిన అన్నం ఉంటే వేళ్లతో నలిపి నాలుక మీద పెట్టింది. అతను కళ్లు మూసుకున్నాడు. రెండు కళ్లలోంచీ నీళ్లు చెవుల్లోకి కారాయి. పెళ్లయిన ఆరేళ్లలో తను వండి పెట్టినది అతను అంత ఇష్టంగా తినడం ఆమె చూడలేదు.

సాయంత్రం దాకా ఆమె ప్రాణం అరచేతిలో ఉంది. ఏమీ కాలేదు. పైగా ఆపరేషన్ అయ్యాక మొదటిసారి అతను హాయిగా నిద్రపోయాడు. డాక్టరుకు ఏం తెలుసు, నా మొగడి ఆకలి నాకు తెలుసు అనుకుంది. నాలుగో రోజు డాక్టరు చెంచాతో నీళ్లు పట్టమన్నాడు. ఆమె అందరూ చూస్తుండగా చెంచాతో నీళ్లు పట్టింది, ఎవరూ చూడనప్పుడు మూతతో గంజి పోసింది.

అయిదో రోజు మధ్యాహ్నం చలి పెట్టి జ్వరం వచ్చింది. కడుపు మళ్లీ బిగిసింది. ఆరో రోజు పొద్దున డాక్టరు దుప్పటి తీసి చూస్తే, పొట్ట పక్క గొట్టంలోంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్లలో, సీసా అడుగున, రెండు మూడు తెల్లటి మెతుకులు.

వెంకట్రాజం సీసాను వెలుగుకు ఎత్తి చూశాడు. 

"ఎవలు పెట్టిండ్రు ఈయనకు అన్నం?"

సీసాను కింద పెట్టాడు.

"నేను నీళ్లన్న. నీళ్లు! కుట్టు తెగింది. మళ్ల కొయ్యాలె. బతుకుతడో లేదో తెల్వది. ఎవలు పెట్టిండ్రు?" ఆయన అనసూర్య వైపు తిరిగాడు. "నువ్వేనా?"

ఒక్క క్షణం ఆమెకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెంటే భయం వచ్చింది. నేనే అంటే ఈ మనిషి మళ్లీ కత్తి పట్టడు, నీ మొగణ్ని తీసుకొని పో అంటాడు, నేను చంపుకున్నానని అత్తకూ పిల్లలకూ తెలుస్తుంది. ఇవన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

"నాకు తెల్వది సార్" అంది. అంతటితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. "నేను అన్నానికి బయటికి పోయినప్పుడు ఆయమ్మనే ఉంటది ఈడ. రోజు మూతికి నీళ్లు పెడుతది."

బెడ్ పాన్ పట్టుకొని నిలబడ్డ యాకమ్మకు మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక పాన్ నేల మీద పెట్టేసింది.

"ఏమన్నవే? నేను పెట్టిన్నా? సార్, దూదితోని పెదవులు తుడుస్త, గది సిస్టరమ్మకు గూడ ఎరికే. గంజి ఈమె ఇంటికెల్లి వస్తది సార్. నాకు గంజి ఏడికెల్లి వస్తది?"

"నేను పొయ్యలే" అని అనసూర్య నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. ఏడుపు నిజమైనదే. అందుకే అందరూ నమ్మారు.

యాకమ్మ మంచం మీది మనిషి వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు! నీ నోట్లె ఎవలు పోసిండ్రో చెప్పు!" పర్శరాములు కళ్లు మూసుకునే ఉన్నాడు. జ్వరంలో ఉన్నాడు, వినపడలేదేమో అనుకున్నారు.

ఆ మధ్యాహ్నమే యాకమ్మను పనిలోంచి తీసేశారు. పర్మినెంటు కాని మనిషిని తీసెయ్యడానికి కాగితం కూడా అక్కరలేదు. పోయేముందు ఆమె వార్డు గుమ్మంలో నిలబడి అనసూర్యను చూసింది. "నా రొట్టె తిన్న నోరు" అంది. ఆ మాట పూర్తి చెయ్యకుండానే వెళ్లిపోయింది.

వెంకట్రాజం మళ్లీ కోశాడు. ఈసారి చీము కడిగి, చిరిగిన చోటు మూసి, కింద పేగులోకే నేరుగా ఒక సన్నటి గొట్టం పెట్టి పొట్ట మీదికి తీశాడు. నెల రోజుల పాటు పర్శరాములు తిండి ఆ గొట్టంలోంచే. రెండు గంటలకోసారి వడగట్టిన పాలు, చక్కెర కలిపిన గుడ్డు, పల్చటి రాగిజావ. సిస్టరమ్మ చూపించాక ఆ పని అనసూర్యకే అప్పగించారు. గరాటు ఎత్తి పట్టుకొని కొంచెం కొంచెం పోస్తూ, మరీ చల్లగా ఉందా, మరీ వేడిగా ఉందా అని చేతి మీద చూసుకుంటూ, ఒక్క చుక్క ఒలకకుండా చేసింది. కొత్త ఆయమ్మ ఒకతి వచ్చింది. ఆమె ఎవరి పెదవులూ తుడవలేదు.

"అనసూర్య కాబట్టి మొగణ్ని బతికించుకున్నది" అన్నారు కొత్తవాడలో. అత్త వచ్చిపోయే వాళ్లందరికీ కోడలి సేవ గురించి చెప్పేది. విన్న ప్రతిసారీ అనసూర్య పొయ్యి దగ్గరికో, కండెలు చుట్టే రాట్నం దగ్గరికో లేచిపోయేది. అణకువ అనుకునేవాళ్లు.

పర్శరాములు సగం పొట్టతో బతకడం నేర్చుకున్నాడు. రోజుకు ఆరుసార్లు, పిడికెడు పిడికెడు. ఆమె ఒక్క పూట వేళ తప్పనిచ్చేది కాదు. భార్యాభర్తలు అన్నీ మాట్లాడుకునేవారు, నూలు ధర గురించీ, పిల్లల చదువు గురించీ, గోడ పగుళ్ల గురించీ. ఆ వార్డు గురించి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అతను జ్వరంలో ఉన్నాడో, వింటూనే ఉన్నాడో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

అత్త మొక్కు తీర్చడానికి 76లో మేడారం తల్లుల జాతరకు పోయారు. పర్శరాములు ఎత్తు బెల్లం తూచి గద్దెల దగ్గర పెట్టారు. అందరూ చేతులు జోడించి ఏదో ఒకటి అడుగుతున్నారు. అనసూర్య కూడా జోడించింది. ఏం అడగాలో తోచలేదు. తల్లుల ముందు ఆ పేరు తలుచుకునే ధైర్యం లేక, జనం తోస్తుంటే ముందుకు జరిగిపోయింది.

మూడేళ్ల తర్వాత ఖిలా నుంచి ఒక ఆడమనిషి పెళ్లికి జంఖానా కొనడానికి వచ్చింది. బేరం అయ్యాక అరుగు మీద కూర్చొని మాటల్లో పడింది. దవాఖానల మీదికి పోయింది మాట.

"దవాఖానోళ్లను నమ్మొద్దమ్మా. మా వాడకట్టుల యాకమ్మ అని ఒకామె ఉన్నది. సేటు దవాఖానల ఆయ పని జేస్తుండె. ఒక పేషంటు తాన పైసలు తీసుకొని, కోత మీద గంజి తాపింది. ఆయన సచ్చిపోయిండు. పనికెల్లి ఎల్లగొట్టిండ్రు. అంతకుముందు ఎవలింట్ల పురుడున్నా, ఎవలికి జరమొచ్చినా ఆమెనే పిలుస్తుండె. ఇప్పుడు ఆమె చేతి నీళ్లు గూడ రోగికి పట్టనియ్యరు."

చచ్చిపోయాడన్న ఆ మనిషి నాలుగు గజాల దూరంలో మగ్గం మీద కూర్చొని ఉన్నాడు. మగ్గం చప్పుడు ఆగింది. అనసూర్య అటు చూడలేదు. కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ రోజు నుంచి ఆమె ఖిలా వైపు, వరంగల్ స్టేషన్ అవతలికి పోవాల్సిన పనేదైనా ఉంటే వేరెవరినైనా పంపేది. రాత్రీ పగలూ తినేసేది గంజి పోసిన తప్పు. నా చేత్తోనే మొగణ్ని చావు దాకా పంపాను, డాక్టరు వద్దన్నా వినలేదు. ఆ తప్పు ఎంత పెద్దదంటే, దాని ముందు యాకమ్మ సంగతి కొంత చిన్నగా కనిపించేది. భయంలో అన్న మాట కదా అని సర్దుకునే వీలుండేది.

1986 ఎండాకాలంలో ఆమె అన్న సారయ్యకు పేగు మెలికపడింది. ఇంకెక్కడికీ పోయే వ్యవధి లేక సేటు దవాఖానకే తెచ్చారు. వదిన కూతురి పురిటికి పోయి అక్కడే ఉంది. అన్న పక్కన ఉండాల్సింది అనసూర్యే. పన్నెండేళ్ల తర్వాత ఆ వార్డు గుమ్మం దాటింది. మంచాలకు రంగు మార్చారు. డాక్టరు మాత్రం వెంకట్రాజమే. జుట్టు నెరిసింది, గొంతు తగ్గింది. పాడైన జానెడు పేగు కోసేసి రెండు కొసలూ కుట్టాడు.

రెండో రోజు పొద్దున వచ్చి పొట్ట నొక్కి చూసి, "నీళ్లు పట్టుడు మొదలుపెట్టమ్మా. గంటకోసారి రెండు చెంచాలు. కక్కకుంటె, పొద్దుగూకాల పల్చటి గంజి" అన్నాడు.

అనసూర్య తప్పుగా విన్నాననుకుంది. "గాలి పోలేదు సార్ ఇంక."

"పోకున్నా ఏం కాదు. కొంచెం కొంచెం పోస్తె పేగే తొందరగ లేస్తది."

"వద్దు సార్." ఆమె గొంతు పైకి లేచింది. "కుట్టు తెగుతది. నేను పొయ్య. ఎవలతోనన్న పోపియ్యిండ్రి, నేను మాత్రం పొయ్య."

ఆయన వింతగా చూశాడు. ఎక్కడో చూసిన ముఖమని అప్పుడనిపించిందేమో, ఊరూ పేరూ అడిగాడు. కొత్తవాడ అనగానే, జంఖానాలు అనగానే ఆయన కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. వరండాలోకి రమ్మన్నాడు. అక్కడ బెంచీ పక్కన నిలబడి, పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఆమె ఆయనకు చెప్పింది. మూడో రోజు మధ్యాహ్నం, టిఫిన్ మూత, నలిపిన మెతుకులు, నాలుగో రోజు కూడా. తర్వాత, యాకమ్మ.

వెంకట్రాజం కళ్లజోడును అంగీ కొసతో తుడిచాడు.

"అప్పుడు మాకు నేర్పింది గంతే. ఇన్ని రోజులు ఏం పొయ్యొద్దని. ఇప్పుడు గట్ల అవసరం లేదని రాస్తాండ్రు. నేను గూడ రెండేండ్ల సంది తొందరగనే పోపిస్తాన. ఎక్కువ మందికి మంచిగనే అయితాంది." ఆగి, మళ్లీ అన్నాడు. "నీ గంజితోనే తెగిందంటె నేను చెప్పలేనమ్మా. కాదని గూడ ఒట్టేసి చెప్పలేను. పుండు పగిలినంక రోజున్నరకు తెచ్చిండ్రు. లోపలంత చీము. ఒంట్ల నెత్తురు లేదు. గసొంటి కాడ నేను వేసిన కుట్టు నిలవడుడే కష్టం. అది ముందే తెగి ఉండొచ్చు. తెగింది గనుక మెతుకులు బయటికొచ్చినయి."

ఆమె బెంచీ మీద కూర్చుండిపోయింది.

"ఇంకోటి" అన్నాడాయన, ఆమె వైపు చూడకుండానే. "పోసింది నువ్వేనని నాకు అప్పుడే అనిపించింది. నీ టిఫిన్ మంచం కిందనే ఉండె."

"మరి ఆమెనెందుకు తీసేసిండ్రు సార్?"

"కుట్టు నాది గద" అన్నాడు డాక్టరు. "ఎవలో గంజి పోసిండ్రు అంటె నా చేతి పని మీదికి రాదు. నువ్వు ఒక పేరు చెప్పినవు. నేను మళ్ల అడగలె." కళ్లజోడు పెట్టుకొని వార్డులోకి పోయాడు.

ఆ మాటలు విన్నాక మనసు తేలికపడాలి. పడలేదు. పన్నెండేళ్లు మోసిన పెద్ద బరువును ఎవరో దింపేస్తే, దాని కింద ఇన్నాళ్లూ కనిపించకుండా ఉన్నది బయటపడింది. గంజి పోయడం తప్పో కాదో డాక్టరుకే తెలియదు. ఆకలిగొన్న మొగడికి పోసింది, అంతే. కానీ యాకమ్మ పేరు చెప్పడం? అది ఏ డాక్టరు చెప్పినా, ఏ పుస్తకంలో మారినా మారేది కాదు. దాన్ని భయం అనీ, చిన్నతనం అనీ ఇక ఏ పేరుతోనూ పిలవలేకపోయింది.

ఆ రోజు సారయ్యకు గంటకోసారి రెండు చెంచాలు నీళ్లు ఆమే పట్టింది.  సాయంత్రం గంజి పోస్తే అన్న మూతి తుడుచుకొని, "ఉప్పు తక్కువైంది చెల్లె" అన్నాడు. తొమ్మిదో రోజు తన కాళ్ల మీద నడిచి ఇంటికి పోయాడు.

"నేను ఖిలాకు పోతాన" అంది అనసూర్య ఆ వారం భర్తతో. ఎందుకో చెప్పలేదు. పర్శరాములుకు చెప్పనక్కరలేకపోయింది.

"పన్నెండేండ్లాయె. ఇప్పుడు పోయి ఏం జేస్తవ్? ఆమె నిన్ను చెప్పుతోని కొడుతది."

"కొట్టనియ్యి."

పర్శరాములు మగ్గం వైపు తిరిగి కూర్చున్నాడు.

ఖిలాలో యాకమ్మను వెతకడం కష్టం కాలేదు. పెద్ద రాతి తోరణాల దగ్గర, కోటను చూడటానికి వచ్చేవాళ్లకు ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముకుంటూ గోనెసంచి మీద కూర్చొని ఉంది. ఆయ పని పోయాక చాలా ఏళ్లు మక్కచేన్లలో, మిరపతోటల్లో కూలికి పోయిందట. మోకాళ్లు పోయాక ఈ పని. యాభై రెండేళ్లకే ముసలిదైపోయింది. అనసూర్యను చూసీ చూడగానే గుర్తుపట్టింది.

"ఏం కావాలె?"

అనసూర్య వంగి కాళ్లు పట్టుకోబోయింది. యాకమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"కాళ్లు మొక్కకు. మొక్కితె నీ బరువు దిగుతది. నాకేమొస్తది?"

"తప్పు జేసిన అక్కా. పోసింది నేనే. నీ పేరు చెప్పింది నేనే."

"నాకు తెల్వంది ఏం చెప్పినవ్?" యాకమ్మ ఒక గిరాకీకి పల్లికాయ కాగితంలో పోసి ఇచ్చి, అతను పోయేదాకా ఆగింది. "నువ్వు పోసిన దినం మంచం కిందున్న నీ టిఫిన్ మూత కడిగింది ఎవలనుకున్నవ్? నేనే. గంజి అంటుకొని ఉండె. సిస్టరమ్మకు చెప్తె నిన్ను తిడుతదని చెప్పలే."

 ఎండ నెత్తిమీదికి వచ్చింది.

"డాక్టర్ సాబుకు చెప్పిన అక్కా. ఆయన గూడ తప్పైందన్నట్టే అన్నడు. నిన్ను మళ్ల పనిల పెట్టుకొమ్మని అడుగుత..."

"ఆ దవాఖాన గడప నేను తొక్క. డాక్టర్ సాబుకు చెప్తె నాకేంది? ఆయన నా వాడకట్టుల ఉంటడా?" యాకమ్మ చేతిలోని కాగితం నలిపి పక్కన పడేసింది. "నా బిడ్డ రాజక్క పురుడు పోసుకుంటుంటె మంత్రసాని నన్ను గదిలకు రానియ్యలే. రోగిని సంపిన చెయ్యి అన్నది. నా బిడ్డ పురుడే! చెప్పాలంటె ఈడ చెప్పు. బోరింగు కాడ చెప్పు. ఆడ అందరు ఉంటరు."

పొద్దున నీళ్లు పట్టుకునే వేళకు రమ్మంది. అనసూర్య మర్నాడు పోయింది. బోరింగు చుట్టూ పది పన్నెండు మంది ఆడవాళ్లు, బిందెల వరస. యాకమ్మ కొంచెం దూరంగా ఒక రాయి మీద కూర్చుంది. అనసూర్య దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయింది.

"దవాఖానల పేషంటుకు గంజి పోసింది యాకమ్మక్క గాదు" అంది. గొంతు పెంచి చెప్పింది. "ఆ పేషంటు నా మొగడు. పోసింది నేను. డాక్టర్ అడిగితె భయపడి అక్క పేరు చెప్పిన. అక్క పైసలు తీసుకోలే. ఏం జెయ్యలే."

హ్యాండిల్ కొడుతున్న ఆడమనిషి ఆపింది. ఎవరో "ఇన్నేండ్లకు మతికొచ్చిందా?" అన్నారు. ఇంకొకామె నమ్మలేదు. "యాకమ్మ పైసలిచ్చి తోలుకొచ్చింది కావచ్చు. సచ్చినోడు సచ్చె, ఇప్పుడెవలు చెప్పాలె?"

"సావలే. బతికే ఉన్నడు."

"అయితె సూపియ్యి."

అనసూర్య బస్సెక్కింది. ఇంటికి వచ్చి భర్త ముందు ఆ మాట పెట్టింది. రమ్మని అడగలేదు. పర్శరాములు ఆ పూట తినలేదు. పన్నెండేళ్లలో అతను వేళ తప్పడం అదే మొదలు. తర్వాతి ఆదివారం పొద్దున్నే లేచి, ఉతికిన అంగీ వేసుకొని, "నడువు" అన్నాడు.

బోరింగు దగ్గర అతను అంగీ గుండీలు విప్పి పక్కకు తీశాడు. నడిమిన బొడ్డు దాకా ఒకదాని మీద ఒకటి రెండు కోతల మచ్చలు, ఎడమ పక్కన గొట్టం పెట్టిన చోట గుంట. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నేనే ఆ పేషంటును" అన్నాడు. "గంజి అడిగింది నేను. పోసింది నా పెండ్లాం. ఆ దినం ఈ యాకమ్మ నన్ను నిజం చెప్పుమని అడిగింది. నాకు జరమున్నది గని, తెలివి తప్పలే. అన్ని ఇనవడ్డయి. కండ్లు మూసుకున్న."

అనసూర్య అతని వైపు చూసింది. వింటున్నాడని పన్నెండేళ్లుగా అనుమానిస్తూనే ఉంది. అయినా అతని నోట వినేసరికి బిందెల పక్కన కూర్చుంది.

యాకమ్మ లేచి, మోకాళ్లు పట్టుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. ముఖం చూడలేదు. మచ్చ మీద రెండు వేళ్లు పెట్టి పైనుంచి కిందికి నొక్కి చూసింది, వార్డులో చూసినట్టే. "ఈడ నొస్తదా? బరువులు లేపుతానవా? లేపకు, ఉబ్బుతది" అంది. తర్వాత అనసూర్యతో, "ఇగ పోండ్రి. నాకు పల్లికాయ ఉడకబెట్టేదుంది" అని వెనుదిరిగింది.

ఆ తర్వాత వాడకట్టులో కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. ఆ చలికాలంలో ఒక ఇంట్లో ఆపరేషన్ అయి వచ్చిన ముసలాయనకు జావ పట్టడానికి యాకమ్మను పిలిచారని అనసూర్య విన్నది. వెంకట్రాజం డాక్టరు తానూ ఖిలాకు వస్తానని ఒకసారి అన్నాడు గానీ రాలేదు. రెండేళ్లకు రిటైరై హైదరాబాద్ పోయాడు.

అనసూర్య ఏడాదికి ఒకటి రెండుసార్లు ఖిలాకు పోతూనే ఉంది. యాకమ్మ ఆమెను కూర్చోమని అనదు, పొమ్మనీ అనదు. గోనెసంచి పక్కన నిలబడి పల్లికాయ కొంటే తూకంలో గింజ ఎక్కువా తక్కువా లేకుండా పోసిస్తుంది. "మీ ఆయన వేళకు తింటాండా?" అని అడుగుతుంది. తింటున్నాడని చెప్పి, ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు నిలబడి, అనసూర్య బస్సు దగ్గరికి నడుస్తుంది.